మలుపు కాడ అయిదు నిమిషాలు

పీర్ బాషాకు పూల పిచ్చి. మామూలు పిచ్చి కాదు. పదిమందిని ఆటోలో కుక్కుకుని పోతూ పోతూ నడిదారిలో బండి ఆపి, అందరినీ కిందికి దించి, "చూడండప్పా, ఎంత ముద్దుగా ఉండాదో!" అని చెట్టును చూపించి, బాగుందని వాళ్ళు ఒప్పుకునేదాకా తిరిగి ఎక్కించుకోనంత పిచ్చి. బనగానపల్లె బస్టాండు నుంచి రాళ్ళకొట్టాలకు ఏ ఆటోలో పోయినా నలభై నిమిషాలు పడుతుంది. పీర్ బాషా ఆటోలో పోతే నలభై నిమిషాలూ, పైన ఒక మోదుగ చెట్టూ పడుతుంది.

ఆ చెట్టు రాళ్ళకొట్టాల ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా ఒక మలుపులో ఉంది. పొద్దున తొమ్మిదీ పదికి ఆటో అక్కడికి చేరగానే ఇంజను ఆగిపోతుంది. "దిగండి, దిగండి! అయిదే అయిదు నిమిషాలు!" అంటాడు పీర్ బాషా. ఆ అయిదు నిమిషాలు ఆయన గడియారంలో అయిదు. మనందరి గడియారాల్లో పన్నెండు. ఈ ఆటోను నమ్ముకుని పెళ్ళికి పోయినవాళ్ళు తాళి కట్టడం చూడలేదు, నేరుగా పాయసం దగ్గరికి చేరుకున్నారు.

ప్రేమజ్యోతికి ఈ సంగతులేవీ తెలియవు. పాపం, ఆమె రాళ్ళకొట్టాల ఆరోగ్య ఉపకేంద్రానికి నర్సుగా వచ్చిందే ఈ జనవరి ఆఖరులో. రోజూ నంద్యాల నుంచి బస్సులో బనగానపల్లెకు వచ్చి, అక్కడ ఆటో ఎక్కాలి. తొమ్మిదిన్నర లోపల ఉపకేంద్రం ముందు నిలబడి ఫోనుకు మొహం చూపిస్తేనే ఆ రోజు హాజరు పడుతుంది. మొదటిరోజు బస్టాండులో అన్నిటికంటే శుభ్రంగా కనబడిన ఆటో ఎక్కింది. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డంతో డ్రైవరు చాలా మర్యాదగా, "రామ్మా నర్సమ్మా, కిటికీ పక్కన కూచో, గాలి తగుల్తాది" అన్నాడు. ఇంత మంచి మనిషి దొరికాడని ఆమె లోలోపల దేవునికి స్తోత్రం కూడా చెప్పుకుంది.

తొమ్మిదీ పదికి ఇంజను ఆగింది.

"ఏమైంది మామా, బండి చెడిపోయిందా?"

"బండి కాదు నర్సమ్మా, మన బతుకులు చెడిపోయినాయి. పైకి చూసేకి ఒకడికన్నా తీరికుండాదా? దిగండి, దిగండి! అయిదే అయిదు నిమిషాలు!"

అందరూ దిగారు. విత్తనాల అంగడి ఓబుళేశు గొణుక్కుంటూ దిగాడు. ఈ ఆటోలో రోజూ వస్తాడు, రోజూ గొణుగుతాడు, రేపటి నుంచి రానంటాడు, మరునాడు అందరికంటే ముందు వచ్చి డ్రైవరు పక్కన కూర్చుంటాడు. బేల్దారి పని చేసే లేవి తాపీ సంచి భుజానికి తగిలించుకుని దిగాడు. ప్రేమజ్యోతి గడియారం చూసుకుంటూ దిగింది.

పీర్ బాషా నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూశాడు. "ఇదేం చెట్టో తెలుసా నర్సమ్మా? దీన్ని మందారం అంటారు."

"మోదుగ," అన్నాడు లేవి.

"అదే, మోదుగ మందారం."

"మందారం యాడప్పా! ఉట్టి మోదుగ. మా అమ్మ దీని ఆకులతోనే విస్తర్లు కుట్టేది," అని ఓబుళేశు కసిరాడు. "రోజూ చూపిస్తాండావు, పేరు మాత్రం నేర్చుకోవు. సాయంత్రం పోయేటప్పుడు ఇదే చెట్టు గదా, అప్పుడు యాల ఆపవు?"

"సాయంత్రానికి చెట్టు అలసిపోయింటాదప్పా. అప్పుడు చూస్తే దానికి బాగుండదు."

జవాబు అడ్డగోలుదే. అయినా అందరూ పైకి చూశారు. అంతలో మలుపు పక్కన కంపచెట్ల వెనక నుంచి కర్ర టకటకమంది. నెత్తిన కొంగు, చంకలో గుడ్డసంచి, డెబ్బై దాటిన ముసలమ్మ ఒకామె వగరుస్తూ వచ్చింది. "ఆగు నాయనా, వస్తాండా! అబ్బా, నా అదృష్టం జూడు, సమయానికి అందుకున్నా!" అంటూ ఎక్కి కూర్చుంది. ఆమె పేరు గిడ్డమ్మ. ఆ కంపల వెనకున్న మూడిళ్ళ కొట్టాల్లో ఉంటుంది. రాళ్ళకొట్టాల బడిలో మధ్యాహ్నం అన్నానికి బియ్యం ఏరే పని చేస్తుంది.

ఆమె కూర్చోవడమూ పీర్ బాషాకు పూల మీద మోజు తీరిపోవడమూ ఒకేసారి జరిగాయి. "ఎక్కండి, ఎక్కండి! ఏందప్పా ఇంకా చూస్తాండారు? టైమైతాండాది!" అని అందరినీ తోసుకుంటూ ఇంజను వేశాడు. ఈ ముక్క పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ప్రేమజ్యోతి ఆరోజు పెట్టుకోలేదు. ఆమె ఉపకేంద్రం చేరేసరికి తొమ్మిదీ ముప్పై ఏడు.

అట్లాగని ఆ చెట్టు బాగుండదని కాదు. శివరాత్రికి ముందు రోజులు, పొద్దుటి గాలిలో చలి ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఎదురుగా కాయలు పట్టిన శనగ చేలు. వాటి అవతల మామిడితోటల నుంచి పూత వాసన రోడ్డు దాకా వస్తోంది. మోదుగకు చూద్దామన్నా ఒక్క ఆకు లేదు, కొమ్మకొమ్మకూ ఎర్రగా పూలే. గోరింకలు ఆ పూలల్లో ముక్కులు పెట్టి తేనె తాగి, నుదుటికి పుప్పొడి పూసుకుని, పంచాయితీ పెట్టినట్టు అరుచుకుంటున్నాయి. గుట్ట మీద కొండగోగు ఒకటి పసుపుపచ్చగా పూసింది. వారం తిరిగేసరికి ప్రేమజ్యోతి ఫోనులో కూతురి ఫోటోలకంటే మోదుగ ఫోటోలు ఎక్కువైపోయాయి. లేవి ఆమెకు తేనెపిట్టను చూపించాడు. పిడికిలంత కూడా లేని ఆ నల్లటి పిట్ట ఎండలో తిరిగితే నీలంగా మెరిసింది. ఆమె "అయ్యో, ఎంత బాగుంది!" అని గట్టిగా అనేసి సిగ్గుపడింది.

"చూసినావా! నేను చెప్పలే?" అన్నాడు పీర్ బాషా, ఆ పిట్టను తానే కని పెంచినట్టు. ఇంతకీ ఆయన చూస్తున్నది పిట్టనూ కాదు, పూలనూ కాదు. కంపచెట్ల వైపు చూస్తున్నాడు.

కానీ హాజరు తీసుకునే ఫోనుకు తేనెపిట్టలతో పని లేదు. ఫిబ్రవరి నెలలోనే ఆమెకు ఆలస్యానికి రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే బదిలీ, అదీ నల్లమల అవతలికి అని పై ఆఫీసు నుంచి ఫోనులో చెప్పారు. అంత దూరమైతే అక్కడే గది తీసుకుని ఉండిపోవాలి. నంద్యాలలో అమ్మ దగ్గర ఉంటున్న రెండేళ్ళ కూతురు, సాయంత్రం తల్లి వచ్చి కలిపి పెడితే తప్ప ముద్ద మింగదు. ప్రేమజ్యోతికి ఆ రాత్రి ఏడుపొచ్చింది, తరువాత కోపమొచ్చింది. ఆ కోపాన్ని జాగ్రత్తగా బస్సులో పెట్టుకుని బనగానపల్లెకు తెచ్చింది.

"మామా, నీ చెట్టుకొక నమస్కారం. నేను రేపటి నుంచి రబ్బానీ ఆటోలో పోతా."

పీర్ బాషా మొహం వాడిపోయింది. "అట్లనగాకు నర్సమ్మా. పూలు ఇంకెన్ని దినాలుంటాయి?"

"పూలు పోతే నువ్వు ఇంకేదో పట్టుకుంటావంట గదా! వానకాలంలో ఆరుద్ర పురుగుల్ని చూపించినావంట, చలికాలంలో తంగేడు పూలంట. ఓబుళేశన్న అన్నీ చెప్పినాడు. నా ఉద్యోగం పోతాది మామా, నీకేం తెలుస్తాది!"

ఆయన గడ్డం గోక్కున్నాడు. నిజం చెప్పడానికి ఆయనకు మనసు రాలేదు, అబద్ధం చెప్పడానికి చెట్టు పక్కన లేదు.

రబ్బానీ ఆటో మలుపుల్లో కూడా ఆగదు, అసలు బ్రేకు ఉందని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ ఆటోలో కూర్చుంటే చెట్లు కనబడవు, గీతలు కనబడతాయి. ప్రేమజ్యోతి తొమ్మిదీ ఇరవైకల్లా ఉపకేంద్రం చేరి, తాళం తీసి, గోడ మీది టీకాల పట్టిక చూస్తూ కూర్చునేది. ఆ పట్టికలో ఒక్క గోరింక కూడా లేదు. ఒకరోజు బస్సు తొందరగా రాక రబ్బానీ ఆటో కాస్త ఆలస్యంగా బయలుదేరింది. మలుపు దగ్గర రయ్యిమని పోతుండగా, చెట్టు కింద తలలెత్తి నిలబడిన ఓబుళేశూ లేవీ వాళ్ళంతా ఒక్క క్షణం కనబడి మాయమయ్యారు. ఆమెకు ఎందుకో అన్యాయం జరిగిపోయినట్టు అనిపించింది.

ఆ వారమే బీపీలు చూడడానికి రాళ్ళకొట్టాల్లో ఇల్లిల్లూ తిరుగుతూ పీర్ బాషా ఇంటికి పోయింది. ఆయన భార్య దౌలత్ బీ చేయి చాపి కూర్చుంది. పట్టీ బిగిస్తూ ప్రేమజ్యోతి, "అత్తా, మామకు ఈ పూల పిచ్చి పెండ్లి నాటి నుంచీ ఉండాదా?" అని అడిగింది.

దౌలత్ బీ పకపకా నవ్వింది. "పూలా? ఆయనకా? తౌబా! మా మల్లె కుండీకి నాలుగు దినాలు నీళ్ళు పోయమని చెప్పి పుట్టింటికి పోతే, వచ్చేపాటికి కుండీ ఉంది, మల్లె లేదు. పప్పులోకి కరివేపాకు కోసుకురమ్మంటే వేపాకు తెచ్చినాడు. ఆ పప్పు కుక్క గూడా తినలే!"

"మరి దినామూ మలుపు కాడ ఆపుతాడు గదా?"

దౌలత్ బీ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "ఎవురికీ చెప్పనని ఒట్టేయి. పోయినేడు సంక్రాంతి అయినాక గిడ్డమ్మవ్వకు మోకాలు పట్టేసింది. రోడ్డు దాకా నడిచి వచ్చేకి పొద్దుపోయేది. మా ఆయన ఆటో ఆపి, 'అవ్వా, నీ కోసమే ఆగినాము, నిదానంగా రా' అని కేకేసినాడు. అంతే! ఆయమ్మకు కోపం వచ్చేసింది. 'నా కోసం పదిమంది ఆగేంత చేతకానిదాన్నయినానా? నా కాళ్ళు నాకుండాయి, పోరా' అని నాలుగు కిలోమీటర్లు కర్ర పట్టుకుని నడిచే పోయింది. ఒక దినం కాదమ్మా, నెల దినాలు! పక్కన ఆటో ఆపితే తల తిప్పుకునేది. ఈయనకు అన్నం దిగేది కాదు. ఒకనాడు ఏం చేయాల్నో తెలీక ఆ చెట్టు కింద బండి ఆపి ఊరికే పైకి చూస్తా నిలబడినాడంట. ఆయమ్మ వచ్చి, 'ఏం చూస్తాండావురా?' అంటే, 'పూలు' అన్నాడంట. 'సరే, ఎట్లాగూ ఆగినావు గదా' అని ఎక్కి కూచుందంట. అప్పటి నుంచీ ఇదీ కథ."

ప్రేమజ్యోతి పట్టీలో గాలి తీయడం కూడా మరిచిపోయింది. "చెయ్యి తిమ్మిరెక్కుతాండాదమ్మా," అని దౌలత్ బీ గుర్తుచేయాల్సి వచ్చింది.

బీపీ చూడాల్సిన వాళ్ళలో గిడ్డమ్మ పేరు కూడా ఉంది. పొద్దున తప్ప ఇంట్లో దొరకదు. అందుకని ప్రేమజ్యోతి ఊర్లు తిరిగే డ్యూటీ అని ముందుగానే రాసిచ్చి, ఒక పొద్దున రబ్బానీ ఆటోలో వచ్చి మలుపులో దిగి, కంపచెట్ల వెనక దారి పట్టింది. ముసలమ్మ మోకాలికి పూసే మందు, కట్టుగుడ్డ కూడా సంచిలో పెట్టుకుంది. ఎంత అవస్థ పడుతూ నడిచి వస్తుందో కళ్ళారా చూసి, వీలైతే చేయి పట్టి తీసుకురావాలని ఆమె ఆలోచన.

గిడ్డమ్మ అవస్థ ఏమీ పడటం లేదు. కంపచెట్ల నీడలో ఒక నాపరాతి బండ మీద కాళ్ళు చాపుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, పచ్చిశనగలు ఒలుచుకుని తింటోంది. అక్కడి నుంచి రోడ్డు ఇరవై అడుగులు. కంపల సందులోంచి ఆటో స్పష్టంగా కనబడుతోంది. అప్పటికే జనం దిగారు. పీర్ బాషా నడుం మీద చేతులు పెట్టుకుని చెట్టు పైకి చూస్తున్నాడు.

"అవ్వా! ఆటో వచ్చేసింది గదా, ఈడ కూచున్నావేంది?"

"ఉష్! అరవగాకు పాపా, వానికి వినపడ్తాది." ముసలమ్మ చెయ్యి పట్టి లాగి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలో నాలుగు శనగలు పోసింది. "నేను ఎనిమిదికే వచ్చి కూచుంటా. నాకోసరం ఎవురూ ఆగకూడదని గంట ముందే బయలుదేర్తా. మోకాలు మంచిదైపాయ ఎప్పుడో."

"మరి ఎక్కేది లేదా?"

"ఎట్ల ఎక్కుదును? పాపం, బాషాకు పూలంటే ప్రాణం. ఆ పొద్దు వాని మొగం చూసినా గదా, నోరు తెరుచుకుని, కండ్లల్లో నీళ్ళు పెట్టుకుని పైకి చూస్తాండాడు. దినమంతా ఆ డొక్కు బండి తోలేవానికి ఇంకేం సుఖముండాది చెప్పు? నేను పోయి ఎక్కితే వాడు వెంటనే బండి తీస్తాడు, నాకోసరం. మర్యాదస్తుడు. అందుకే తనివితీరా చూడనిచ్చి, అప్పుడు లేస్తా. ఇంకొంచెం సేపు చూడనీ, పాపం."

ప్రేమజ్యోతి కంపల సందులోంచి చూసింది. రోడ్డు మీద పీర్ బాషా చెట్టునూ కంపలనూ మార్చి మార్చి చూస్తూ, "ఇంకా అయిదే నిమిషాలప్పా!" అని ఓబుళేశును బతిమాలుతున్నాడు. కంపల వెనక గిడ్డమ్మ ఆయనకు తనివి తీరడం కోసం శనగలు ఒలుస్తోంది. సంవత్సరం పొడుగునా వీళ్ళిద్దరూ ఒకరి కోసం ఒకరు ఇట్లా ఆగుతూ ఉంటే, మధ్యలో మెమోలు మాత్రం తనకు వచ్చాయి! ఆమెకు నవ్వు ఆగలేదు. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఏంది పాపా, శనగ అడ్డం పడిందా?" అని గిడ్డమ్మ వీపు మీద చరిచింది.

చెప్పేస్తే ఒక్క నిమిషంలో తెగిపోయే సంగతి. చెప్పాలని నోటి దాకా వచ్చింది కూడా. కానీ చెప్తే గిడ్డమ్మ మళ్ళీ కర్ర పట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది, పీర్ బాషాకు మళ్ళీ అన్నం దిగదు. ప్రేమజ్యోతి మొహం తుడుచుకుని, నర్సు గొంతు తెచ్చుకుంది.

"అవ్వా, నీతో ఒక మాట. బాషా మామకు బీపీ ఉండాది. మెడ ఎత్తుకుని మూడు నిమిషాలకంటే ఎక్కువ చూడకూడదు. చూస్తే తల తిరుగుతాది."

"అయ్యో నా తండ్రీ! అంత జబ్బు పెట్టుకుని చెప్పలేదే!" గిడ్డమ్మ అప్పటికప్పుడే లేచి నిలబడింది. "రేపటి నుంచి బండి ఆగంగనే నేను ఎక్కి కూచుంటా. నేనెక్కితే వాడు చూసేది మానేస్తాడు. ఆ బాధ్యత నాది!"

ఆ అబద్ధానికి ప్రేమజ్యోతి ఆదివారం చర్చిలో క్షమాపణ అడిగింది. మరీ ఎక్కువగా అడగలేదని కూడా ఇక్కడ చెప్పాలి.

మరునాడు ఆమె మళ్ళీ పీర్ బాషా ఆటో ఎక్కింది. ఆయన కిటికీ పక్క సీటు గుడ్డతో తుడిచాడు. మలుపులో ఇంజను ఆగింది. "దిగండి, దిగండి! అయిదే..." అనేలోపలే కర్ర టకటకలాడింది. "వస్తాండా నాయనా! అబ్బా, నా అదృష్టం జూడు!" అని గిడ్డమ్మ ఎక్కి కూర్చుంది. పీర్ బాషా కళ్ళు పెద్దవి చేశాడు. ఉపకేంద్రం చేరేసరికి తొమ్మిదీ ఇరవై ఏడు. ఆ సోమవారం తనిఖీకి వచ్చిన అధికారి వాకిట్లో గడియారం చూసుకుంటూ నిలబడి ఉంటే, ఆమె ఆయనకు నమస్కారం పెట్టి, ఆయన కళ్ళముందే ఫోనుకు మొహం చూపించింది. మూడో మెమో రాలేదు. సాయంత్రం కూతురికి ముద్దలు పెడుతూ గోరింక ఎట్లా అరుస్తుందో అరిచి చూపించింది.

అందరికీ బాగానే ఉంది, ఓబుళేశుకు తప్ప. "ఏమప్పా బాషా, మూడు నిమిషాలకేనా? ఇప్పుడే గదా దిగింది! ఆ కొమ్మ మీద పిట్ట గూడు కడ్తాండాది, సగం చూసినా. మనిషికి కొంచెమన్నా కళాపోషణ ఉండొద్దా?" అని రోజూ గొణిగాడు. రేపటి నుంచి రానన్నాడు. మరునాడు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు.

ఉగాది దగ్గర పడింది. మోదుగ పూలన్నీ రాలిపోయాయి, కొండగోగు కూడా వట్టి కొమ్మలతో నిలబడింది. కొత్త చిగురు ఇంకా రాలేదు. ఆ పొద్దున అలవాటుగా మలుపులో బండి ఆపి, అందరినీ దించాక, పీర్ బాషాకు చూపించడానికి ఏమీ దొరకలేదు. చెట్టును చూశాడు, గుట్టను చూశాడు, గడ్డం గోక్కున్నాడు. చివరికి రోడ్డు పక్కన ఉన్న మైలురాయి వైపు చేయి చాపాడు.

"చూడండప్పా, ఎంత ముద్దుగా ఉండాదో!"

"ఏంది, రాయా?" అన్నాడు ఓబుళేశు.

"ఉట్టి రాయి కాదప్పా. ఎండ పడి ఎట్ల మెరుస్తాండాదో చూడు. పైన పసుపు, కింద తెలుపు. 'రాళ్ళకొట్టాల నాలుగు' అని ఎంత పొందిగ్గా రాసినారో చూడు!"

ప్రేమజ్యోతి ముందుకొచ్చి రాయి ముందు నిలబడింది. "నిజమే మామా, శానా బాగుంది," అని ఫోను తీసి ఫోటో కూడా తీసింది. ఆమె చూస్తోందని లేవి చూశాడు. అందరూ చూస్తున్నారని ఓబుళేశు కూడా వంగి, నాలుగు అంకెను శ్రద్ధగా పరిశీలించాడు.

గిడ్డమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ఆటో పక్కన ఆగిపోయింది. మైలురాయి చుట్టూ మూగిన జనాన్నీ, మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకున్న పీర్ బాషానూ చూసింది. మెల్లగా ప్రేమజ్యోతి పక్కకు చేరి, చెవిలో గుసగుసలాడింది.

"పాపా, బీపీ బాగా ముదిరినట్టుండాది. రాయిని చూస్తాండాడు. మాత్ర ఇంకొకటి పెంచు."

అని ఊరుకుందా? పీర్ బాషా దగ్గరికి పోయి, రాయి మీద చెయ్యేసి, పైనుంచి కింది దాకా నిదానంగా చూసి, "బాగుండాది నాయనా, శానా బాగుండాది. ఇంత బాగా పూసింది నేను యాడా చూడలే," అని చెప్పి, వెళ్ళి ఆటోలో కూర్చుంది.